మా యింటిబడి: వినికిడి చదువు, కంటి చదువు



ఈ మాసమున నొక తప్పును మీ ముందుంచి నా మాట ప్రారంభించుచున్నాను. ఆ తప్పు పిల్లవానిది కాదు, నాదే. బడిపంతులుగారి యిల్లాలనై యుండియు, మా నాయనగారి యొద్ద నమరమును, భారత భాగవతములను ఇంటనే చదువుకొన్నదాననై యుండియు, తొమ్మిదేండ్ల నా కొడుకునకు చదువ రాదను సంగతిని నేను బస్సుస్టాండులో తెలిసికొంటిని.

మాది కోనసీమ. వేసవి సెలవులు ముగియుటకు నాలుగు దినములు ముందుగా, మా యత్తగారికి కన్నులు చూపించుటకై రాజమండ్రికి బయలుదేరితిమి. మా వారు ఊర లేరు. అత్తగారికి చూపు మసకగా నుండుటచేత, అమలాపురపు బస్సుస్టాండులో నామె చేయి విడువ వీలు లేకపోయెను. "నాయనా, ఆ వచ్చిన బండి ఎక్కడికో బోర్డు చదివి రా" అని పిల్లవానిని పంపితిని. వాడు పరుగెత్తిపోయి చూచి, "రాజమండ్రేనమ్మా!" అని కేక వేసెను. ఎక్కి కూర్చుంటిమి. బండి కదలిన కొంతసేపటికి కండక్టరు వచ్చి, "రాజమండ్రి టిక్కెట్లా? ఇది రాజోలు బండమ్మా!" అనెను. దారిలో దిగి, వెనుకకు వచ్చి, వేరొక బండి పట్టుకొని పోవునప్పటికి ఆసుపత్రిలో చీటీలిచ్చు వేళ దాటిపోయినది. అత్తగారి కన్నులు మరి పదునైదు దినములు వేచియుండవలసి వచ్చెను. ఆమె నన్ను గాని, మనుమని గాని ఒక్క మాట యనలేదు. అనియుండినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. రాజోలు, రాజమండ్రి రెండును 'రాజ' యను నక్షరములతోనే మొదలగును. పిల్లవాడు ఆ రెంటిని మాత్రము చూచి, తక్కినది తనకు తోచినట్లు పూరించెను. మరునా డుదయమున వాని తెలుగు వాచకము తెరచి చదువుమంటిని. వాడు వ్రేలు కదుపుచు ఒక పుట గడగడ చదివెను. బొమ్మపై చేయి కప్పి, నడుమనున్న యొక మాటపై వ్రేలుంచి, "ఇదేమి?" యంటిని. వాడు పెదవులలో ఆ వాక్యమును మొదటినుండి వల్లించుకొనుచు వచ్చి, ఆ మాట యొద్ద నాగి చెప్పెను. అప్పుడు ఆనాటి వార్తాపత్రిక చేతి కిచ్చితిని. మూడవ మాట యొద్ద వాని గొంతు నిలిచిపోయినది. గుణింతములు సగము తెలియవు. వత్తులు బొత్తిగా తెలియవు. వాచకమంతయు వాని చెవిలో నున్నది, కంటిలో లేదు.

మా పెద్దమ్మాయి ఏడవ తరగతి చదువుచున్నది. అది తలుపు చాటునుండి వచ్చి, "రోజూ రాత్రి నేను ఒకసారి చదివితే వాడికి వచ్చేస్తుందమ్మా. నువ్వు తిడతావని చెప్పలేదు" అని యేడ్చెను.

నేను తిట్టుటకు నోరు రాలేదు. మూడవ యేటనే వానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని పద్యములు చెప్పినది నేను. చుట్టములు వచ్చినప్పుడెల్ల వాని చేత సుమతీశతకము చదివించి, వారు మెచ్చుకొనుచుండగా మురిసినది నేను. బద్దెన గారి పద్యములు నోటికి వచ్చిన పిల్లవానికి 'సు' యను నక్షరము వచ్చునా రాదా యని యొక్కనాడైనను అడుగనిదియు నేనే. సాయంకాలము మా వారు వచ్చిన పిమ్మట సర్వమును చెప్పితిని. ఆయన చాలసేపు మాటాడక, "నా తరగతిలో ఇట్టివారు నలుగురున్నారని నాకు తెలియును. అయిదవవాడు నా యింట నున్నాడని యెరుగనైతిని" అనిరి. బడిపంతులు కొడుకునకు చదువు రాదన్న నగుబాటని నేను సంకోచించితిని గాని, ఆయన యొప్పుకొనలేదు. బడి తెరచిన దినముననే తరగతి పంతులుగారి యొద్దకు పోయి ఉన్నది యున్నట్లు చెప్పి వచ్చిరి. ఇంటిలోని లోటును దాచినచో బడి దానిని దిద్దజాలదని ఆయన మతము.

అది మొదలు దసరా సెలవుల వరకు మా యింట నడచిన చదువును క్రమముగా చెప్పెదను. దినమునకు ముప్పావు గంటయే, దీపము పెట్టిన తరువాత. అంతకు మించి పిల్లవాడు నిలువలేదు, నేనును నిలువలేదు.

ఆషాఢములో అక్షరములు మరల మొదలుపెట్టితిమి. "ఇది చిన్నపిల్లల చదువు" అని వాడు పలక విసరివేసెను. నాలుగవ తరగతివానికి అభిమాన ముండదా? మాకు అయిదేండ్ల చిన్నమ్మాయి కలదు. దానికి వానిని గురువుగా నియమించితిని. పళ్లెములో బియ్యము పోసి దాని వ్రేలు పట్టుకొని దిద్దించుట వాని పని. ఆ సాయంకాలము ఏమి దిద్దింపవలెనో ముందుగా నా యొద్దకు వచ్చి తెలిసికొనుటయు వాని పనియే. ద, థ, ధ లకు గల భేదము వానికి అప్పుడే తెలిసినది. తరువాత జంటమాటలు వ్రాయించితిని: నెల, నేల, మెడ, మేడ, కొన, కోన. ఒక్క దీర్ఘము చేత అర్థమే మారిపోవుట చూచి వాడు ఆశ్చర్యపడి, మన కోనసీమను 'కొనసీమ' యని వ్రాసి తానే నవ్వుకొనెను.

మన వర్ణమాలలో 56 అక్షరములని చెప్పుకొందుము గాని, గుణింతములతోను, వత్తులతోను కలిసి అవి వందలకొలది రూపములు దాల్చును. అందును చాల వత్తులు తమ యక్షరమునే పోలియుండగా, త, న, మ, య, ర, ల యను వాని వత్తులు మాత్రము వేరు రూపము దాల్చును. పిల్లలు తరచుగా నిచ్చటనే చిక్కుకొందురు. కావున ఆరింటిని ప్రత్యేకముగ నేర్పవలెను.

ఇందులకు మాకు బస్సులే బాలశిక్ష యయ్యెను. ఆదివారము సాయంకాలము తండ్రీకొడుకులు కాలువ వంతెన యొద్ద నిలిచి బోర్డులు చదువుదురు. రాజోలు, అమలాపురము మొదటి తరగతి. వానిలో వత్తు లేదు. కొత్తపేట, పెద్దాపురము, ముమ్మిడివరము రెండవ తరగతి. అక్షరమునకు దాని వత్తే కలదు. ద్రాక్షారామము మూడవ తరగతి. ఒక యక్షరమునకు వేరొక దాని వత్తు. బండి నిలువదు గనుక చూపు త్వరపడవలెను. వేగిరపడి యూహించిన యెడల తండ్రి ఒప్పుకొనరు. బోర్డులు చదువుటకు పైకము నక్కరలేదు. ఏ సోదరియైనను చేయించవచ్చును.

శ్రావణములో వరలక్ష్మీవ్రతమునకు సరకుల పట్టీ వ్రాయు బాధ్యత వానిదే. నేను చెప్పుట, వాడు వ్రాయుట, ఆ కాగితము తీసికొని తానే యంగడికి పోవుట. పసుపు, కుంకుమ, తమలపాకులు బాగుగనే వచ్చినవి. 'వక్కలు' అనుటకు 'వకలు' అని, 'వత్తులు' అనుటకు 'వతులు' అని వ్రాసినాడు. అంగడివాడు వక్కలను పోల్చుకొనెను గాని వత్తులను పోల్చుకొనలేదు. దీపము వెలిగించు వేళకు వత్తులు లేవు. పొరుగింటివారిని అడిగి తెచ్చుకొని, "చూచితివా, వత్తులు లేకున్న దీపమును వెలుగదు, తెలుగును వెలుగదు" అంటిని. ఆ మాట వాడు మరువలేదు. ఇప్పటికిని ఏమి వ్రాసినను చివర వత్తులు లెక్క పెట్టుకొనును.

భాద్రపదములో వినాయకచవితి వచ్చెను. ఇరువదియొక పత్రికిని చీటీలు వ్రాసి కట్టు పనిని అక్కాతమ్ములకు పంచితిని. ఒక వైపున పూజలోని పేరు, రెండవ వైపున మన యింటి పేరు: దూర్వాయుగ్మము గరిక, అపామార్గము ఉత్తరేణి, అర్కము జిల్లేడు, శమి జమ్మి, బదరి రేగు, చూతము మామిడి. దొరకని యాకులకు చీటీ మాత్రము పెట్టితిమి. సంయుక్తాక్షరములు, పర్యాయపదములు, చెట్ల గుర్తు మూడును ఒక్క యుదయమున నేర్చిరి. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు విషపు మొక్కలు; ఆకులు నోట పెట్టనీయక, పని కాగానే పిల్లల చేతులు కడిగింపవలెను.

అంతకు కొలది దినములు ముందుగా, ఆగస్టు 29వ తేదీన, గిడుగు రామమూర్తి పంతులుగారి (1863–1940) జన్మదినమును బడిలో తెలుగు భాషాదినోత్సవముగ జరిపిరి. వాడుకభాషకై వారు చేసిన పోరాటమును పంతులుగారు చెప్పగా విని వచ్చి, మా వాడు ఈ పత్రికను తీసి నా శీర్షికను కూడబలుకుకొని నాలుగు పంక్తులు చదివి, "అమ్మా, నువ్వు మాట్లాడే తెలుగు ఇది కాదుగా?" అని యడిగెను. నాకు జవాబు తోచలేదు. నా చేయి మా నాయనగారి బడిలో తిరిగినది, ఇక మరలదు. కాని, తాను వినని వాక్యమును వాడు నా యెదుట చదువుట అదియే మొదటిసారి యని గ్రహించి, ఆ యాక్షేపణను ఆశీర్వచనముగ స్వీకరించితిని.

దసరాకు ముందు జరిగిన పరీక్షలో వానికి తెలుగున గత సంవత్సరము కంటె తక్కువ మార్కులు వచ్చినవి. నిరుడు ప్రశ్నలకు అక్క చదివి వినిపించిన జవాబులు వల్లించి వ్రాసెను. బొమ్మ గీసినట్లు మాటలను గీసెను. ఈ తడవ ప్రశ్నను తానే చదివి, తన మాటలతో తప్పులతో వ్రాసెను. ఆ తక్కువ మార్కుల కాగితమును నేను పెట్టెలో భద్రపరచితిని.

సోదరీమణులారా! కంఠస్థము చెడ్డదని నేను చెప్పుట లేదు. నాకున్న కొద్దిపాటి విద్య అట్లు వచ్చినదే. కాని ముందు కన్ను, పిదప నోరు. మీ పిల్లవాడు పాఠమును బాగుగ చదువుచున్నాడని తోచినప్పుడు, అతడెన్నడును వినని నాలుగు పంక్తులు, ఉత్తరము గాని, పొట్లము కట్టిన కాగితము గాని, ఇచ్చి చూడుడు. బొమ్మ కప్పి నడిమి మాట అడుగుడు. రానిచో కొట్టవలదు, నలుగురిలో నవ్వవలదు. ముందుగా కంటి వైద్యునకు చూపుడు. అత్తగారిని మరల తీసికొనిపోయినప్పుడు మా వానికిని చూపించితిమి, లోపమేమియు లేదనిరి. కొన్ని నెలలు ఓపికతో నేర్పినను అక్షరములు నిలువకున్నచో దానిని సోమరితన మనుకొనవలదు. డిస్లెక్సియా యను పఠనదోషము కొందరు పిల్లలకు పుట్టుకతో నుండును. అది తెలివి తక్కువతనము కాదు. తగిన నిపుణులకు చూపించినచో, అట్టివారికి వేరు పద్ధతులలో నేర్పుదురు.

"మేము బడికి పోలేదు, ఏమి నేర్పగలము?" అని కొందరు సోదరీమణు లందురు. భండారు అచ్చమాంబగారు (1874–1905) ఏ బడిలోను చదివినవారు కారు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి చదువు చెంతను తామును ఇంటనే నేర్చి, 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను రచించిరి. నాకును ఏ పట్టా లేదు. ముప్పావు గంట తీరికయు, తప్పు నొప్పుకొను ధైర్యమును ఉన్నచో చాలును.

మా యత్తగారికి శుక్లములు తీసిరి. దసరా సెలవులలో మరల చూపించుటకై అదే బస్సుస్టాండునకు పోతిమి. బండి వచ్చినది. వానిని పంపితిని. వాడు బోర్డు ముందు నిలిచి పెదవులు కదుపుచుండెను. జనము ఎక్కుచున్నారు. చెప్పవలెనని నా నాలుక కొసకు వచ్చినది గాని, మ్రింగుకొంటిని. వాడు తిరిగి వచ్చి, మొగము చిన్నబుచ్చుకొని, "ఇది మనది కాదమ్మా. రాజమండ్రి కాదు. రాజమహేంద్రవరం" అనెను.

అత్తగారు కొత్త చూపుతో బోర్డు వంక చూచి ఫక్కున నవ్విరి. ఆ రెండును ఒక్క యూరే యనియు, 2015లో ప్రాత పేరును మరల అధికారికముగ నిలిపి రనియు, బండి కదలిన తరువాత వానికి చెప్పితిని.

వచ్చే మాసమున మా పెద్దమ్మాయి లెక్కల భయమును గూర్చియు, గిద్దె, సోల, తవ్వ, మానికలతో దానిని పోగొట్టుటకు మేము పడుచున్న పాట్లను గూర్చియు వ్రాయుదును.