సంతృప్తి జీతం కింద లెక్క కాదు

చిన్నపిల్లలకు చదువు చెప్పేవారికి ఆ పిల్లల నవ్వులే సగం జీతమనీ, అంత తృప్తినిచ్చే ఉద్యోగంలో ఒత్తిడి అంటూ గొణగడమే తప్పనీ అనే ధోరణి ఈమధ్య కోనసీమలో బాగా ప్రబలింది. సెప్టెంబరు 5న శాలువా కప్పుతూ పెద్దలు చెప్పేదీ, మిగిలిన రోజుల్లో అమలాపురం టీ దుకాణాల దగ్గర ‘వాళ్లకేం, ఎప్పుడూ సెలవులే’ అని తేల్చేసేదీ ఈ మాటే. ఇది బడి లోపల ఒక్క పూటైనా కూర్చోనివారి మాట.

తృప్తి ఉన్నమాట నిజం. జూన్‌లో పలక పట్టుకుని ఏడుస్తూ వచ్చిన పిల్ల సంక్రాంతినాటికి గోడమీది రాతలు కూడబలుక్కుని చదువుతుంటే, ఒత్తుల దగ్గర తడబడిన నోరు ఒక ఉదయం ఉన్నట్టుండి తిరిగితే, ఆ పంతులమ్మకు కలిగే ఆనందం మరే కొలువులోనూ దొరకదు. అయితే ఆ ఆనందం ఇచ్చేది పిల్లలు. ఒత్తిడి తెచ్చేది పిల్లలు కారు. పిల్లలు ఇచ్చినదాన్ని యంత్రాంగం పడిన బాకీకి చెల్లువేయడం అన్యాయం.

సెలవుల వాదనకు 2009 నాటి విద్యాహక్కు చట్టమే జవాబు: ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు, పాఠాల తయారీతో కలిపి ఉపాధ్యాయుడికి వారానికి 45 గంటల పని అందులో ఉన్నాయి.

అసలు భారం ఫోన్‌లో ఉంది. ముఖం చూపితేనే హాజరు పడే యాప్ 2022 ఆగస్టులో వచ్చింది. మరుగుదొడ్ల ఫొటోలు తీసి ఎక్కించే పనిని కొన్నేళ్లు చేయించాక 2024లో తొలగించారు. పిల్లల హాజరు, గుడ్లు, చిక్కీలు, బియ్యం నిల్వ అన్నీ యాప్‌లోకి ఎక్కవలసిందే. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులకు ఉపాధ్యాయులను వాడరాదని ఆ చట్టంలోని 27వ సెక్షన్ చెబుతుండగా, బియ్యం బస్తాల లెక్క ఆ మూడింటిలో ఏ కోవకూ చెందదు. గుణింతం చెప్పవలసిన మనిషి సర్వర్ కోసం ఫోన్ వైపు చూస్తూ నిలబడితే, పోయిన పావుగంట పిల్లలది. ఏకోపాధ్యాయ పాఠశాలలో, అంటే ఐదు తరగతులకూ ఒక్కరే ఉన్న బడిలో, ఒక తరగతికి లెక్క ఇచ్చి, ఇంకొక తరగతికి చూచిరాత పెట్టి, మూడో తరగతికి పాఠం చెప్పే బహుళ తరగతి బోధన నడుస్తుంటుంది. ఆ వరస ఒకసారి తెగితే మళ్లీ కుదుటపడేసరికి గంట కొడతారు. అరవైమంది లోపు పిల్లలున్నా ఇద్దరు ఉపాధ్యాయులుండాలన్నది కూడా ఆ చట్టం మాటే. పి.గన్నవరం మండలంలోని ఊడిమూడిలంక, బూరుగులంక వైపు వశిష్ఠ పొంగి తాత్కాలిక గట్టు కొట్టుకుపోతే పడవే దారి. పడవ కోసం రేవులో నిలబడ్డవారి కోసం యాప్‌లో గడియారం ఆగదు.

బడి భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఈ సీమలోని లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారందరికీ అన్నం పెట్టిన ఆ తల్లి పేరు అందుకు తగినదే. ప్రజాధనానికి లెక్క ఉండవలసిందే, కాని ఆ లెక్క రాయడానికి కావలసింది గుమస్తా, పంతులమ్మ కాదు. నాలుగైదు బడులకు ఒక గుమస్తాను వేసినా చాలావరకు తీరే భారమిది.

ఈ ఏడు సన్మానానికి శాలువా తెచ్చే పెద్దలు ముందుగా ఒక పూట బడిలో కూర్చుని, పంతులమ్మ చేతిలో సుద్దముక్క ఎంతసేపు ఉందో, ఫోన్ ఎంతసేపు ఉందో చూడాలి.