పొగమంచులో నాటుపడవ: మన ప్రాణాలకు లెక్క లేదా?

మన్యంలో చలి ముదిరింది. లంబసింగి, వంజంగి మంచు చూడ్డానికి మైదానం నుంచి కార్లు బారులు కడుతున్నాయి. అదే మంచులో పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల మనవాళ్లు నాటుపడవ ఎక్కి మత్స్యగెడ్డ, జలాపుట్ నీళ్లు దాటుతున్నారు. సంతకు పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా అదే దారి. వాళ్లకు మంచు అంటే సెల్ఫీ కాదు, అవతలి ఒడ్డు కనబడకపోవడం.

ఈ నీళ్లు ఇక్కడికి ఊరికే రాలేదు. మాచ్‌ఖండ్ కరెంటు కోసం జలాపుట్ డ్యామ్ కట్టారు. 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. 120 మెగావాట్ల ప్రాజెక్టును రెండు రాష్ట్రాలు పంచుకున్నాయి. కరెంటు పట్నాలకు పోయింది, మన ఊళ్ల మధ్య దారి నీళ్లపాలైంది.

చలికాలం నీటి సంగతి యువత తెలుసుకోవాలి. నీరు నేలంత త్వరగా చల్లారదు. రాత్రి కొండల మీంచి దిగిన చల్లగాలి నీటి ఆవిరికి తగిలి మంచు కడుతుంది. అందుకే ఊళ్లో తేటగా ఉన్నా గెడ్డ మీద ఏమీ కనబడదు. ఇక చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే ఊపిరి ఒక్కసారిగా ఎగబీలుస్తాం, ఆ గుక్కలోనే నీళ్లు లోపలికి పోతాయి. కాసేపటికి కాళ్లూ చేతులూ కొంకర్లు పోతాయి. ఒంటిమీది దుప్పటి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. ‘నాకు ఈత వచ్చులే’ అన్న ధైర్యం అక్కడ పనిచెయ్యదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో టూరిస్టు బోటు మునిగి 51 మంది చనిపోయారు. బతికిన 26 మందిలో చాలామందిని ఒడ్డుకు చేర్చింది అక్కడి ఆదివాసీలే. ఆ తర్వాత 2020లో ప్రభుత్వం తొమ్మిది బోటు కంట్రోల్ రూములు తెరిచింది. మంచిదే. కానీ ఆ తొమ్మిదిలో జలాపుట్ లేదు, సీలేరు లేదు. 2021 మేలో లాక్‌డౌన్‌కి భయపడి హైదరాబాద్ నుంచి తిరిగొస్తున్న ఒడిశా ఆదివాసీ కూలీలు రాత్రిపూట నాటుపడవల్లో సీలేరు దాటుతూ మునిగిపోయారు. విహారానికి వచ్చినవాళ్ల ప్రాణానికి ఉన్న లెక్క, బతుకు కోసం దాటేవాళ్ల ప్రాణానికి ఎందుకు లేదు?

వంతెన కట్టడం కుదరదని ఎవరూ చెప్పొద్దు. పక్కనే చిత్రకొండ జలాశయం మీద 910 మీటర్ల గురుప్రియ వంతెనను 2018లో ప్రారంభించారు. అయితే దానికోసం అక్కడి జనం దశాబ్దాలు ఎదురుచూశారు. మనం అన్నేళ్లు ఎదురుచూడాలా?

అందుకే ప్రతి రేవు ఊరూ పీసా గ్రామసభ పెట్టి తీర్మానం చెయ్యాలి. రేవుకో గట్టి ఇంజన్ పడవ, ఎక్కినవాళ్లందరికీ లైఫ్ జాకెట్లు, పడవ నడిపేవాళ్లకు జీతం, ముఖ్యమైన దాటుల దగ్గర వంతెనలు అడగాలి. తీర్మానం కాపీ ఐటీడీఏకి ఇచ్చి రసీదు తీసుకోండి.

అవి వచ్చేదాకా మన జాగ్రత్త మనదే. మంచు విడిచి అవతలి ఒడ్డు కనబడేదాకా పడవ తియ్యొద్దు. తుపాను హెచ్చరిక ఉన్న రోజున అసలే వద్దు. సంత మూటలూ మనుషులూ ఒకే పడవలో కుక్కొద్దు. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు పడవలో ఉంచండి, నీళ్లలో పడితే పట్టుకోడానికి పనికొస్తాయి.

మన నీళ్లు దాటడానికి మనం ప్రాణం పణంగా పెట్టాల్సిన పని లేదు. క్షేమంగా దాటడం మన హక్కు.

జై ఆదివాసీ!