గ్యాస్ పొయ్యి అమ్మ ఒక్కదానిదేనా?

మా షోలాపూర్‌లో మన తెలుగువాళ్ళు ఉండే వాడల్లో గ్యాస్ సంగతి ఏది అడిగినా మగవాళ్ళ దగ్గర ఒకటే జవాబు ఉంటుంది. "అది ఆడోళ్ళ పని, మాకేం ఎరుక?" అంటారు. మా నాయిన అంటాడు, మా బాబాయి అంటాడు, మొన్నటి దాకా నేనూ అన్నాను. ఆ మాట తప్పు. తప్పు మాత్రమే కాదు, ఇంట్లో అందరి ప్రాణాలకు ప్రమాదం కూడా. ఈ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. చదివి పెద్దవాళ్ళకు కొంచెం కోపం రావచ్చు. అయినా పూర్తిగా చదవమని వేడుకుంటున్నాను.

ముందు నా సిగ్గు నేనే చెప్పుకుంటాను. పోయిన చలికాలంలో ఒకరోజు మా అమ్మ చేసిన బీడీలు అప్పజెప్పి, ఆకు, తంబాకు తేవడానికి కారఖానాకు పోయింది. నాయిన మగ్గం మీద పనిలో ఉన్నాడు. ఇంట్లో నేను, మా నాయనమ్మ. చలి అని కిటికీలు, తలుపు అన్నీ మూసి ఉన్నాయి. నేను చదువుకుంటుంటే ఏదో కుళ్ళిన వాసన వచ్చింది. నాయనమ్మను అడిగితే "నాకేం వస్తలేదు బిడ్డా" అన్నది. వయసు మీద పడ్డాక ఆమెకు వాసనలు సరిగా తెలియవు. వంటింట్లోకి పోయి చూస్తే పొయ్యి నాబ్‌లు రెండూ మూసే ఉన్నాయి. అయినా వాసన వస్తూనే ఉంది.

రెగ్యులేటర్ మూయాలని తెలుసు. కానీ ఎలా మూయాలో తెలియదు! పదో తరగతి చదువుతున్నాను, ప్రొపేన్, బ్యూటేన్ సూత్రాలు తప్పు లేకుండా రాస్తాను. ఆ గుండ్రటి నాబ్ ఎటు తిప్పితే గ్యాస్ ఆగుతుందో మాత్రం నా చేతికి తెలియదు, ఎందుకంటే దాన్ని నేను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. భయపడి పక్కింటికి ఉరికాను. ఆరో తరగతి చదివే పక్కింటి చెల్లి వచ్చి, ముక్కుకు ఓణీ కట్టుకొని, ఒక్క నిమిషంలో రెగ్యులేటర్ మూసి, తలుపులు, కిటికీలు తెరిచింది. నేను లైటు వేద్దామని స్విచ్ మీద చెయ్యి పెట్టబోతే "అన్నా, ముట్టకు!" అని గట్టిగా అరిచింది. దేవుని దీపం ఇంకా ముట్టించలేదు కాబట్టి బతికిపోయాం. లేకుంటే ఈ వ్యాసం రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదేమో.

తర్వాత చూస్తే రెగ్యులేటర్ దగ్గర ట్యూబ్ పగిలి ఉంది. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు నాయిన బజారులో తక్కువకు వస్తుందని కొన్న ఆకుపచ్చ ట్యూబ్ అది. దాని మీద ఐ.ఎస్.ఐ. గుర్తు లేదు, తేదీ లేదు. ఏడేండ్లలో ఇంటికి రంగు రెండుసార్లు వేయించాం, ఫోన్లు మూడు మార్చాం. ట్యూబ్ మాత్రం మార్చలేదు. మార్చాలని మా అమ్మ రెండుసార్లు చెప్పిందట. "అయితది తియ్" అని నాయిన అన్నాడట. వంట అమ్మ పని, డబ్బులు నాయిన చేతిలో. మరి ట్యూబ్ ఎవరి పని? ఎవరిదీ కాదు. అందుకే అది పగిలేదాకా అట్లనే ఉంది.

ఇప్పుడు మన ఇళ్ళలో వినపడే మాటలకు ఒక్కొక్కదానికి జవాబు చెబుతాను.

మొదటి మాట: "ఇన్నేండ్ల సంది ఏం కాలేదు గదా, ఇప్పుడేమైతది?" రబ్బరు ఒక్కరోజులో చెడిపోదు. పొయ్యి వేడికి, నూనె మరకలకు రోజూ కొంచెం కొంచెం గట్టిపడి, చివరికి పగులుతుంది. ఎలుక కొరకడానికి మాత్రం ఒక్క రాత్రి చాలు. ఇన్నేండ్లు ఏమీ కాలేదంటే ట్యూబ్ ఇన్నేండ్ల పాతదని అర్థం, గట్టిదని కాదు. గ్యాస్ ఏజెన్సీల్లో దొరికే నారింజ రంగు సురక్షా ట్యూబ్ లోపల ఉక్కు తీగ అల్లిక ఉంటుంది. దాన్ని కూడా ఐదేండ్లకొకసారి మార్చాలనే చెబుతారు, తేదీ దాని మీదనే ఉంటుంది. పగుళ్ళు కనిపిస్తే ఐదేండ్లు ఆగకూడదు, వెంటనే మార్చాలి. మార్కండేయ రథోత్సవానికి ఇంట్లో అందరికీ కొత్త బట్టలు కొంటాం. అందులో ఒక్క చొక్కా ఖర్చుతో ట్యూబ్ వస్తుంది.

రెండో మాట: "వాసన వస్తే తెలుస్తది గదా." వంట గ్యాస్‌కు సొంతంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని మర్‌క్యాప్టన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు. కానీ వాసన పట్టే ముక్కు కావాలి, పట్టినాక ఏం చేయాలో తెలిసిన మనిషి కావాలి. మా ఇంట్లో ముక్కు పనిచేయని నాయనమ్మ, చెయ్యి పనిచేయని నేను ఉన్నాం. ఇంకో సంగతి. ఈ గ్యాస్ గాలికన్నా బరువు. పొగలా పైకి పోదు, నేల మీద నీళ్ళలా పరుచుకొని మూలల్లో, మంచాల కింద నిలిచి ఉంటుంది. కాబట్టి పై కిటికీ ఒక్కటి తెరిస్తే చాలదు, తలుపులు కూడా బార్లా తెరవాలి.

మూడో మాట: "మాది చిన్న ఇల్లు, గట్టు కట్టించే తాహతు లేదు." ఇది నిజమైన కష్టం. దీన్ని నేను ఎగతాళి చేయను. మా వాడలో చాలా ఇళ్ళలో వంట, నిద్ర, బీడీల పని అన్నీ ఒకే గదిలో. కొన్ని ఇళ్ళలో పక్కనే మగ్గం ఉంటుంది, నూలు దుమ్ము ఎగురుతూ ఉంటుంది. పొయ్యిని నేల మీద పెట్టి, కూర్చొని జొన్న రొట్టెలు చేస్తారు. సిలిండర్ పక్కనే నిలబెడతారు. గ్యాస్ లీకైతే ముందు చేరేది ఆ నేల మీదికే, అక్కడే మంట! చీర కొంగు కూడా ఆ ఎత్తులోనే ఉంటుంది. పొయ్యి ఎప్పుడూ సిలిండర్ కన్నా ఎత్తులో ఉండాలి. మేమేం చేశామో చెబుతాను. రెండు పక్కలా ఇటుకలు పేర్చి సిమెంటు పెట్టి, మీద ఒక శహాబాద్ బండ వేశాం. పాత బండే, కొత్తది కొనలేదు. ఒక ఆదివారం నాయిన, నేను కలిసి చేశాం. "నిలబడి రొట్టె కొట్టుడు నాకు రాదు" అని నాయనమ్మ వారం రోజులు అలిగింది. ఇప్పుడు పిండి కూర్చొనే పిసుకుతుంది, రొట్టె కూర్చొనే కొడుతుంది, కాల్చేది మాత్రం నేను గానీ నాయిన గానీ. మొదటి వారం రొట్టెలు మాడినయి. ఇప్పుడు మాడుత లేవు.

నాలుగో మాట: "సిలిండర్ తెచ్చేటాయన చూసుకుంటడు." ఆయన సీలు తీసి లీకు చూపించాలి, అడిగితే బరువు కూడా తూచి చూపించాలి. ఇంట్లో వాడే పెద్ద సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలు ఉండాలి. ఖాళీ సిలిండర్ బరువు దాని మీదనే రాసి ఉంటుంది, రెండూ కూడితే లెక్క తేలుతుంది. కానీ మనం ఏం చేస్తాం? "అక్కడ పెట్టి పో అన్నా" అంటాం. ఆయనకు తొందర, మనకూ తొందర. తప్పు ఇద్దరిదీ. సిలిండర్ పైభాగంలో పట్టీల లోపలి వైపు ఒక అక్షరం, రెండంకెలు రాసి ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. 'సి 28' అని ఉంటే ఆ సిలిండర్‌ను 2028 సెప్టెంబరు లోపల మళ్ళీ పరీక్ష చేయాలని అర్థం. తేదీ దాటిన సిలిండర్ తీసుకోకుండా వాపసు ఇవ్వవచ్చు. నేను మా తరగతిలో అడిగితే ఈ అక్షరం సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఇద్దరూ అమ్మాయిలే.

ఐదో మాటే అన్నిటికన్నా చెడ్డది: "అది ఆడోళ్ళ పని." సరే, వంట ఆడవాళ్ళ పని అనే అనుకుందాం, ఒక్క నిమిషం కోసం. గ్యాస్ అంటుకుంటే మంట ఆడవాళ్ళనే కాల్చి మగవాళ్ళను వదిలేస్తుందా? ఇల్లు అందరిదీ, పైకప్పు అందరిదీ, రొట్టె అందరం తింటాం. పొయ్యి జాగ్రత్త మాత్రం అమ్మ ఒక్కదాని మెడకు ఎందుకు? ఆమె పొద్దున్నే లేచి వంట చేసి, రోజంతా బీడీలు చుట్టి, రాత్రి మళ్ళీ వంట చేసి, పడుకునే ముందు రెగ్యులేటర్ కూడా ఆమే మూయాలి. ఒక్కరోజు మరిచిపోతే "నీకు సోయి లేదు" అని ఆమెనే తిడతాం. సోయి లేనిది ఎవరికి?

మా అమ్మకు తెలుగు ఒక్కటే చదవ వస్తుంది. పొయ్యితో ఇచ్చిన పుస్తకం ఇంగ్లీషులో, హిందీలో ఉంది. ఏజెన్సీ వాళ్ళు ఇచ్చిన కాగితం మరాఠీలో ఉంది. అవన్నీ చదవగలిగిన నేను వాటిని అటక మీద పడేసి, చదవలేని అమ్మకు జాగ్రత్త అంతా అప్పజెప్పాను. తెలుగు మాధ్యమంలో చదివేవాళ్ళం మనం. మరాఠీ, హిందీ, ఇంగ్లీషు కూడా బడిలో నేర్చుకుంటున్నాం. ఆ కాగితం తెలుగులో రాసి గోడకు అంటించే పని మనం చేయకపోతే ఇంకెవరు చేస్తారు? ఎవరో తెలుగులో అచ్చు వేసి పంపాలని చూస్తూ కూర్చోవద్దు.

నేను రాసి మా వంటింటి గోడకు అంటించినవి ఇవి:

1. వాసన వస్తే ముందు ఇంట్లో ఉన్న మంటలన్నీ ఆర్పాలి. దీపం, అగరుబత్తి, బీడీ కూడా.

2. పొయ్యి నాబ్‌లు, రెగ్యులేటర్ మూయాలి. తలుపులు, కిటికీలు తెరవాలి.

3. ఏ కరెంటు స్విచ్ వేయకూడదు, ఆర్పకూడదు. రెండిట్లోనూ నిప్పురవ్వ పుడుతుంది. ఫ్యాన్ వేస్తే వాసన పోతుందనుకోవడం ప్రాణాంతకం.

4. అందరినీ బయటికి తీసుకుపోయి, బయటి నుంచే 1906 నంబరుకు ఫోన్ చేయాలి. అది పగలూ రాత్రీ పనిచేస్తుంది.

5. లీకు వెతకడానికి సబ్బు నీళ్ళు రాయాలి, బుడగలు వస్తే అక్కడే లీకు. అగ్గిపుల్ల గీసి ఎప్పుడూ చూడకూడదు.

6. ముందు అగ్గిపుల్ల గీయాలి, తర్వాత నాబ్ తిప్పాలి. పాలు పొయ్యి మీద పెట్టి బయటికి పోకూడదు. పొంగి మంట ఆరితే గ్యాస్ వస్తూనే ఉంటుంది.

7. మంట నీలంగా ఉండాలి. పసుపుగా ఉండి గిన్నెలు నల్లబడితే బర్నర్ రంధ్రాల్లో దుమ్ము చేరిందేమో చూడాలి. పొయ్యి పూర్తిగా చల్లారాక శుభ్రం చేయాలి. అప్పటికీ మారకపోతే మెకానిక్‌ను పిలవాలి, మనమే విప్పకూడదు.

8. గ్యాస్ అయిపోవచ్చిందని సిలిండర్‌ను పడుకోబెట్టకూడదు, వేడినీళ్ళలో పెట్టకూడదు. ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి.

9. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ మూయాలి. సోమ, బుధ, శుక్రవారాలు నాయిన. మంగళ, గురు, శనివారాలు నేను. ఆదివారం అమ్మ.

తొమ్మిదోది చదివి నాయిన మొదట నవ్వాడు. "నా డ్యూటీ కూడా రాసినవారా?" అన్నాడు. రెండు రోజులు చేయలేదు. మూడోసారి నేను గుర్తు చేస్తే లేచి పోయి మూశాడు. ఇప్పుడు అడగకుండానే మూస్తున్నాడు.

చిన్నపిల్లలను పొయ్యి దగ్గరికి పంపకూడదని కొందరు తల్లులు అంటారు. నిజమే, చిన్నపిల్లలను పంపవద్దు. కానీ పద్నాలుగు, పదిహేను ఏండ్లు వచ్చిన మమ్మల్ని దూరం పెడితే మేం భద్రంగా ఉండం, తెలివి లేకుండా ఉంటాం. ఆ రోజు నేను ఉన్నట్లే.

మా ఉపాధ్యాయులకు ఒక విన్నపం. సైన్సు గంటలో ఒక్కరోజు రెగ్యులేటర్, ట్యూబ్ తెచ్చి బల్ల మీద పెట్టండి. అబ్బాయిలతోనే ముందు తీయించి, పెట్టించండి. మార్కులు లేకపోయినా ఫరవాలేదు.

నా తోటి అబ్బాయిలకు ఒక మాట. ఈ పత్రిక మూసి ఇంటికి పోయినాక వంటింట్లోకి పోండి. ట్యూబ్ మీద తేదీ చూడండి. అమ్మను అడిగి రెగ్యులేటర్ ఒకసారి మూసి తెరవడం నేర్చుకోండి. "నీకెందుకురా, అది ఆడోళ్ళ పని" అని ఎవరైనా అంటే, ఈ ఇంట్లో నేనూ ఉంటున్నా అని చెప్పండి.

– పదో తరగతి విద్యార్థి