‘ఏం కాదులే మామా’

ఈ వారం కబురు ఒక ముడి గురించి. కంగారు పడకండి, మూడు ముళ్ల గురించి కాదు. ఒకే ఒక్క ముడి. అదీ సగం వేసి వదిలేసిన ముడి.

సంక్రాంతి అయిపోయాక వచ్చిన ఆదివారం. తెల్లారకముందే మూడు బైకుల మీద ఐదుగురం ప్రొద్దుటూరులో బయల్దేరి, జమ్మలమడుగులో టీ తాగి, ఎండ ముదరకముందే గండికోట చేరుకున్నాం. మా గుంపు గురించి రెండు ముక్కలు. అన్న డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో 28 రోజుల బేసిక్ కోర్సు చేసొచ్చినోడు. అక్క హైస్కూల్లో లెక్కల టీచర్. ఇంకొకడు బంగారం అంగట్లో పని చేస్తాడు, అందుకే వాడికి మేం పెట్టిన పేరు ‘కాటా’. డిగ్రీ చదివే తమ్ముడొకడు. ఐదోవాణ్ణి నేను. అన్నను తీసేస్తే మిగతా నలుగురిదీ రెండేళ్ల అనుభవమే.

కోట గోడల జోలికి మేం పోం. అవి ఎవరూ ఎక్కకూడదనే కట్టిన గోడలు, ఇన్ని వందల ఏళ్ల తర్వాత మనం వాటి పరువు తీయడం దేనికి! జనం తిరగని పక్క, పదిహేను మీటర్లుండే చిన్న బండ ఒకటి చూసుకున్నాం. అన్న పైన యాంకర్లు కట్టి తాడు వదిలాడు. తాడు ఒక కొస ఎక్కేవాడి నడుముకు, రెండో పక్క కింద బిలే పట్టేవాడి దగ్గర. పైవాడు జారితే కిందివాడు ఆపుతాడు. అంతా ఈ తాడు మీదే, ఈ తాడంతా ముడి మీదే.

ఆ ముడిని ఫిగర్ ఎయిట్ అంటారు. ముందు తాడు మీద ఒక ఎనిమిది అంకె వేయాలి. కొసను హార్నెస్‌లోంచి దూర్చాలి. మళ్లీ అదే కొసతో మొదటి ఎనిమిది వెంబడే తిప్పుకుంటూ రావాలి. చివరికి రెండు వరసలు జంటగా కనిపించాలి. ఈ రెండో తిప్పుడు లేకపోతే చూసేదానికి తాడు నడుముకు ఉన్నట్టే ఉంటుంది, బరువు పడితే సర్రున జారిపోతుంది.

కాటాగాడు ఎనిమిది వేశాడు. హార్నెస్‌లోంచి దూర్చాడు. సరిగ్గా అప్పుడే నేను అడిగాను, “ఏం మామా, గ్రాము ఎంతకు పోయిందిరా?” అని. అంతే. వాడు బంగారం రేటు మొదలుపెట్టాడంటే ముందు అంతర్జాతీయ మార్కెట్టు, ఆ తర్వాత డాలరు, ఆ తర్వాత మా వీధిలో ఎవరి కూతురి పెళ్లికి ఎంత తగ్గించి చేయించారో ఆ కథ. నవ్వుకుంటూ చేతులకు సుద్ద రాసుకొని బండ మీద చెయ్యేశాడు.

“ఆగు సామీ,” అంది అక్క.

బిలే పట్టాల్సింది తనే. దగ్గరికొచ్చి వాడి నడుము దగ్గర తాడు పట్టుకొని ఒక్క లాగు లాగింది. కొస బయటికొచ్చేసింది.

“అంగట్లో పది మిల్లీ తేడా వస్తే కాటా మార్చమని గోల చేస్తావే. నీ ప్రాణానికి సగం ముడి సరిపోతాదా?”

ఎవరికీ నవ్వు రాలేదు. వాడు చేతిలో కొస పట్టుకొని దాన్నే చూస్తా నిలబడ్డాడు. కాసేపటికి గొంతు పెగిలింది. “ఏం కాదులే అక్కా, చూసుకున్నావు గదా.”

“ఆ మాట మాత్రం అనద్దు,” అన్నాడు పైనుంచి దిగొస్తున్న అన్న.

మన దగ్గర ఆ మాటకున్నంత గిరాకీ ఇంకే మాటకూ లేదు. బైకు మీద ముగ్గురా, ఏం కాదులే. హెల్మెట్టు ట్యాంకు మీదా, ఏం కాదులే. పెన్నలో నీళ్లు వస్తాండాయంట, ఏం కాదులే మామా దిగు. నిజంగానే నూటికి తొంభైతొమ్మిది సార్లు ఏం కాదు. అదే తంటా. తొంభైతొమ్మిది సార్లు ఏం కాలేదు కాబట్టే నూరోసారి చూసుకోం.

తప్పు వాడిదొక్కడిదే కాదు, నాది కూడా. ముడి వేస్తున్నోడిని పలకరించింది నేనే. అన్న మాకు లిన్ హిల్ కథ చెప్పింది అప్పుడే. అమెరికా ఆమె, ప్రపంచంలోనే పేరున్న క్లైంబర్. 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూ అనే చోట, ఆమెకు అది కేవలం వార్మప్ లాంటి దారి. తాడు హార్నెస్‌లోంచి దూర్చింది. ముడి పూర్తి కాకముందే ధ్యాస షూస్ మీదికీ, పక్కవాళ్లతో మాటల మీదికీ పోయింది. పైన వేసుకున్న జాకెట్టు ఆ సగం ముడిని కప్పేసింది. చివరిదాకా ఎక్కేసి, కిందికి దించమని వెనక్కి వాలింది. 20 మీటర్లకు పైనే పడింది. మధ్యలో చెట్టు కొమ్మలు తగలబట్టి బతికింది. నాలుగేళ్ల తర్వాత, 1993లో, కాలిఫోర్నియాలో ఎల్ కాపిటాన్ కొండ మీది ‘నోస్’ అనే దారిని తాడు ఆసరాతో పైకి పోకుండా, సొంత చేతులతో కాళ్లతో పూర్తి చేసిన తొలి మనిషి ఆమే. ఆడవాళ్లలో తొలి మనిషి కాదు, మొత్తం మనుషుల్లోనే.

“అంత పెద్దామె కూడానా?” అన్నాడు తమ్ముడు.

“పెద్దామె కాబట్టే రా. కొత్తోడికి భయం ఉంటాది, పదిసార్లు తడుముకుంటాడు.”

అప్పటినుంచి మాకో చట్టం. ముడి చేతిలో ఉన్నోడిని ఎవరూ పలకరించకూడదు. పలకరిస్తే ఆ రోజు టిఫిన్ ఖర్చు వాళ్లది. పొరపాటున మాట కలిస్తే ముడి మొత్తం విప్పి మొదటినుంచి వేయాలి. అయిపోయాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవాలి: హార్నెస్ బకిల్, ముడి, బిలే పరికరం, కారబైనర్ లాకు. కంటితో కాదు, చేత్తో. ఆ తర్వాత మీ ఇష్టం, బంగారం రేటు చెప్పుకోండి, సినిమా కథలు చెప్పుకోండి.

మాటలు అసలే వద్దని కాదు నా ఉద్దేశం. కొండ దగ్గర ఎగతాళి లేకపోతే ఐదు నిమిషాలు కూడా ఉండలేం. అక్క వేసిన ఆ ‘పది మిల్లీ’ జోకును కాటాగాడు జన్మలో మర్చిపోడు. మెత్తగా “చూసుకో నాయనా” అని చెప్పుంటే ఈపాటికి మర్చిపోయుండేవాడు. కానీ ఇంకో రకం ఎగతాళి ఉంది. దాన్ని నేను స్వయంగా తిన్నాను.

రెండేళ్ల కిందట. తాడూ గీడూ తెలియని రోజులు. లోయ అంచున అందరం ఫోటోలు దిగుతున్నాం. చివరన ఒక బండ కొంచెం బయటికి పొడుచుకొచ్చి ఉంది. దాని మీదికి పోను అన్నాను. “ఏం మామా, కాళ్లు వణుకుతాండాయా?” అని ఒకడు వీడియో ఆన్ చేశాడు. పోయాను. రెండో అడుగుకు బండ కదిలింది. ఎక్కువ కాదు, వేలెడంత. కింద గులకరాళ్లు రాలిపోయిన చప్పుడు వచ్చేదానికి చాలాసేపు పట్టింది. నేను వెనక్కి ఎట్లా వచ్చానో నాకు గుర్తు లేదు. వీడియోలో మాత్రం ఉంది, నాలుగు కాళ్ల మీద వచ్చాను.

ఆ బండ ఎందుకు కదిలిందో తర్వాత తెలిసింది. గండికోట రాయిని చాలామంది గ్రానైట్ అంటుంటారు. కాదు. దాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు గండికోట క్వార్ట్‌జైట్ అనే పిలుస్తారు. ఎప్పుడో అడుగున పొరలు పొరలుగా పేరుకొన్న ఇసుక గట్టిపడి రాయైంది. అడ్డంగా పొరలు, నిలువుగా పగుళ్లు. రెండూ కలిసి కొండను పెట్టెలు పెట్టెలుగా కోసేశాయి. మన పక్క నాపరాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో సిమెంటు వేయకుండా వదిలేస్తే ఎట్లుంటుందో, అంచు చాలాచోట్ల అట్లనే ఉంటుంది. రీల్‌లో గట్టిగానే కనిపిస్తుంది. ఫోన్ గురించి ఇంకొకటి: అంచు దగ్గర చేతిలోంచి జారితే పోయేది మీ ఫోనే కాదు, కింద ఎవరైనా ఉంటే వాళ్ల తల. జిప్పున్న జేబులో పెట్టండి. పెద్ద తేనెపట్లు కనిపిస్తే ఆ పక్కకే పోకండి, అరవకండి, పొగ పెట్టకండి. ఎండాకాలం ఆలోచనే వద్దు, పదకొండు దాటితే బండ కారం దోసె పెనం.

ఆ ఆదివారం చివరిగా ఎక్కింది తమ్ముడు. ఎక్కబోయే ముందు వాడొక వాదన పెట్టాడు. “అన్నా, మల్లి మస్తాన్ బాబు గారు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలు ఎక్కేసినారు. ఒంటరిగా కూడా పోతాండ్రి గదా. మనకు ఈ పదిహేను మీటర్లకు ఇన్ని చెకింగులా?”

అన్న వెంటనే జవాబు చెప్పలేదు. మస్తాన్ బాబుది నెల్లూరు జిల్లా సంగం పక్క ఊరు. మా బండ అవతల లోయలో ఉన్న ఈ పెన్నే కడప దాటి సంగం మీదుగానే సముద్రానికి పోతుంది. “2015లో ఆండీస్ కొండల్లో పోయినారు రా ఆయన. అంతటి మనిషి,” అన్నాడు చివరికి. “ఎవరెస్టెక్కిన మన మాలావత్ పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు అప్పటికి. ఆ పిల్ల కూడా మొదలుపెట్టింది భువనగిరి బండ మీదే. ముందు ముడి చూపించు.”

చూపించాడు. ఎక్కాడు. సగం పైన ఒకచోట పట్టు దొరకలేదు. రెండుసార్లు ప్రయత్నించాడు. కాలు కుట్టుమిషన్ లాగా ఆడుతోంది. “అన్నా, దింపేయ్.”

“దింపుతాండా.”

ఇంకెవరం నోరెత్తలేదు. ఇది మా రెండో చట్టం: దిగొస్తానన్నోడికి పైన ఉండగా ఒక్క మాట అనం. 1996 మే 10న ఎవరెస్టు మీద, శిఖరానికి కొన్ని గంటల దూరంలో, ముందు జనం బారులు చూసి ముగ్గురు వెనక్కి తిరిగారు. టైము చాలదని లెక్కేసుకున్నారు. లక్షలు పోసి, నెలల తరబడి కష్టపడి, శిఖరం కళ్లముందే ఉండగా. ఆ రోజు పైకి పోయినవాళ్లు తుఫానులో ఇరుక్కున్నారు. ఒకటిన్నర రోజులో ఎనిమిది మంది చనిపోయారు. తిరిగొచ్చిన ముగ్గురూ ఇళ్లకు పోయారు.

తమ్ముడి కాళ్లు నేల తాకాయి. అక్క ముడి విప్పింది. అప్పుడు మొదలైంది. “ఏంరా, బ్లౌజు కుట్టిచ్చేదానికి యాడికో ఎందుకు, నీ కాలికిస్తే సరిపోతాది.” “మిషన్‌కు నూనె పోయించాల్సిందే మామా.” వాడు కూడా నవ్వాడు. కాటాగాడు అందరికంటే గట్టిగా నవ్వాడు, పొద్దుటి సంగతి మరుగున పడిందని.

పడలేదు. నిన్న రాత్రి గ్రూపులో అక్క మెసేజ్: “ఆదివారం ఐదింటికి బస్టాండు ముందర. నీళ్లు మనిషికి మూడు లీటర్లు. ఉగ్గాని నేను తెస్తా. బజ్జీలు సగం ముడి సామి తేవాల. ముడి మధ్యలో రేటు అడిగినోడు టీ ఇప్పించాల.”

కింద కాటాగాడి జవాబు, ఒక ఫోటో. ఇంట్లో కుర్చీ కాలికి వేసిన ఫిగర్ ఎయిట్. రెండు వరసలూ ఉన్నాయి. జూమ్ చేసి చూశాను.