అండమాన్ వెళ్తే ఎక్కడ దిగాలి?

సంక్రాంతి దగ్గర పడిందంటే చాలు, మా ఆఫీసు క్యాంటీన్లో లీవుల గోల మొదలవుతుంది. ఒకడు బాలి అంటాడు, ఇంకొకడు అండమాన్ అంటాడు. అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: "అక్కడ చూడాల్సినవేంటి?" ఎక్కడ ఉండాలి అన్నది మాత్రం ఎవడూ అడగడు. దాన్ని రేటింగు చూసి, ఫోటో చూసి, డిస్కౌంటు చూసి ఐదు నిమిషాల్లో తేల్చేస్తారు. నా ఉద్దేశంలో ద్వీపానికి వెళ్ళేవాడు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. అది కూడా ఫోటోలని బట్టి కాదు, మన పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి. ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు లెండి :)

2019 జనవరిలో అమ్మానాన్నలని అండమాన్ తీసుకెళ్ళాను. మాది నందిగామ, అమ్మ పుట్టిల్లు జగ్గయ్యపేట. మెట్ట ప్రాంతం వాళ్ళం, సముద్రం అంటే ఎప్పుడో మంగినపూడిలో చేసిన స్నానం తప్ప ఇంకేం తెలీదు. నాన్నకప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. జీవితమంతా మిరపతోటలోనే గడిపిన మనిషి, విమానం ఎక్కడం అదే మొదలు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. సరే, జీవితంలో ఒకేసారి కదా, మంచి చోట పెడదామని ఐదు రాత్రులూ హేవలాక్‌లోనే బుక్ చేశా, సముద్రం ఒడ్డునే ఉన్న కాటేజీ. గొప్ప పని చేశాననుకున్నా.

తెలియనివాళ్ళ కోసం భూగోళం కాస్త చెప్తాను. విమానం దిగేది పోర్ట్‌బ్లెయిర్‌లో (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు). హేవలాక్ అక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న వేరే ద్వీపం, 2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్. ప్రైవేటు పడవలో గంటన్నర నుంచి రెండు గంటలు, సర్కారు పడవలో ఇంకొంచెం ఎక్కువ. నీల్ అని ఇంకో చిన్న ద్వీపం ఉంది, అది షహీద్ ద్వీప్. ఈ పడవలు నడిచేది పగలే. సాయంత్రం చివరి పడవ వెళ్ళిపోయిందంటే మళ్ళీ తెల్లారేదాకా మీరు ఆ ద్వీపంలోనే. ఈ చివరి వాక్యం నేను ముందు పట్టించుకోలేదు.

మొదటి దెబ్బ పడవలోనే తగిలింది. అమ్మకి దారంతా వాంతులు. రెండోది ఆటుపోట్లు. హేవలాక్‌లో రిసార్టులు ఎక్కువగా తూర్పు ఒడ్డున గోవింద్‌నగర్, విజయ్‌నగర్ వైపు ఉంటాయి. అటువైపు సముద్రం లోతు తక్కువ. పోటు మీదున్నప్పుడు ఫోటోలో చూసినట్టే ఉంటుంది గానీ, పాటు వచ్చాక నీళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయి రాళ్ళూ పగడపు ముక్కలూ బయటపడతాయి. మోకాళ్ళ నొప్పుల మనిషి వాటిమీద నడవలేదు. టైమ్ పత్రిక 2004లో ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని మెచ్చుకున్న రాధానగర్ ఏమో అవతల పడమటి వైపు. మేం దిగిన చోటునుంచి రోజూ కారు మాట్లాడుకోవాలి.

మూడోది టైమ్‌జోను. సాఫ్ట్‌వేర్ వాడినై ఉండి కూడా ఇందులో తప్పులో కాలేశా. అండమాన్ మనకి చాలా తూర్పున ఉంది గానీ గడియారం మాత్రం మనదే. అందుకని జనవరిలో ఐదున్నర లోపే పొద్దుగూకిపోతుంది. మధ్యాహ్నం భోంచేసి కాసేపు నడుం వాల్చి, టీ తాగి బయల్దేరితే మీరు చూసేది సూర్యాస్తమయం కాదు, చీకటి. ఆరింటికే చీకటి, ఊరు సద్దుమణిగింది. అమ్మానాన్నలు కాటేజీ అరుగుమీద కూర్చుని ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నారు. కొత్తజంటకైతే అది స్వర్గం. మా వాళ్ళకి మాత్రం అది మాట్లాడే మనిషి లేని చోటు.

ఇక మూడో రాత్రి. పదకొండింటికి నాన్నకి ఒళ్ళంతా చెమటలు, కళ్ళు తిరగడం. షుగరు పడిపోయింది. రాత్రి భోజనం నచ్చక సరిగ్గా తినలేదు, మాత్ర మాత్రం వేసుకున్నారు. పంచదార నీళ్ళు తాగించాం, అరగంటలో తేరుకున్నారు. కానీ ఆ అరగంటలో నా బుర్రలో తిరిగింది ఒకటే: ద్వీపంలో ఉన్నది చిన్న ఆస్పత్రి, పెద్దది పోర్ట్‌బ్లెయిర్‌లో జి.బి. పంత్ ఆస్పత్రి, మధ్యలో సముద్రం, పొద్దున్నదాకా పడవ లేదు. సర్వర్ పడిపోతే ఏం చెయ్యాలో మూడు పేజీల డాక్యుమెంటు రాసే నేను, మా నాన్న విషయంలో ఒక్క లైను రాసుకోలేదు.

పొద్దున్నే మిగతా రెండు రాత్రులు రద్దు చేసుకుంటామని అడిగితే డబ్బులు వెనక్కి రావన్నారు. పోతే పోయాయని పడవెక్కేశాం.

పోర్ట్‌బ్లెయిర్‌లో ఊరి మధ్య, అబర్డీన్ బజారుకి దగ్గర్లో మామూలు హోటల్లో దిగాం. సముద్రం కనపడే కిటికీ కూడా లేదు. కానీ నాన్న లేచి కూర్చున్నారు! ఇడ్లీ దొరికింది. సాయంత్రం చీకటి పడ్డాక సెల్యులర్ జైల్లో సౌండ్ అండ్ లైట్ షో చూశాం. అక్కడ తొందరగా పొద్దుగూకడం కూడా కలిసొచ్చింది. మర్నాడు జంగ్లీఘాట్‌లో చేపలమ్మే ఆయన్ని నాన్న "ఏ ఊరు బాబూ?" అని తెలుగులో అడిగేశారు. "మాది సిక్కోలు పక్కనండి, తాత కాలంలో వచ్చీసినాం" అన్నాడాయన. అంతే, గంటసేపు కదల్లేదు. 2011 జనాభా లెక్కల్లో ఆ ద్వీపాల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు దాదాపు 13 శాతం. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపునుంచి వెళ్ళినవాళ్ళే. మన కృష్ణా జిల్లావాళ్ళకి రాజకీయం లేకపోతే ముద్ద దిగదు కాబట్టి ఇది కూడా చెప్తా: 2022లో పోర్ట్‌బ్లెయిర్ మున్సిపల్ ఎన్నికల్లో తెలుగుదేశం రెండు వార్డులు గెలిచింది, మరుసటేడు ఆ పార్టీ కౌన్సిలరే చైర్‌పర్సన్ అయింది.

ఆ రాత్రి నాన్న ఒక మాటన్నారు. "ఒరే, మనవైపు ఎవరన్నా వేదాద్రి నరసింహస్వామిని చూడ్డానికొస్తే, ఐదు రాత్రులూ ఆ ఏటిగట్టునే పడుకోమంటామట్రా? పొద్దున్నే స్నానం చేసి, దర్శనం చేసుకుని, ముక్త్యాల చూసుకుని రాత్రికి పేటకొచ్చెయ్యమంటాం. తిండి ఉంటుంది, డాక్టరుంటాడు, హైవే మీద అర్ధరాత్రయినా బస్సుంటుంది." నేను చదివిన ట్రావెల్ వ్యాసాలన్నిటికంటే ఇదే పనికొచ్చింది. మన ఊరికొచ్చిన చుట్టానికి చెప్పే సలహా, మనం ఇంకో ఊరికి చుట్టంగా వెళ్ళినప్పుడు ఎందుకు గుర్తురాదో!

2023 ఫిబ్రవరిలో పేట నుంచి బాబాయినీ పిన్నినీ తీసుకెళ్ళినప్పుడు ఈ సూత్రమే వాడాను. మొదటి రాత్రి పోర్ట్‌బ్లెయిర్, తర్వాత రెండు రాత్రులు నీల్, ఆఖరి రెండు రాత్రులు మళ్ళీ పోర్ట్‌బ్లెయిర్. నీల్ చిన్నది, చాలామటుకు చదునుగా ఉంటుంది, ఒక చోటునుంచి ఇంకో చోటికి ఆటోలో నిమిషాల్లో వెళ్ళిపోవచ్చు. అక్కడి ఊళ్ళ పేర్లు రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. పిన్ని అయితే పేర్లు వినే సగం సంతోషపడిపోయింది.

ఆఖరి రాత్రులు పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఎందుకంటే, పడవ మన చేతిలో ఉండదు. 2016 డిసెంబర్లో తుఫాను గాలులకి హేవలాక్, నీల్ ద్వీపాల్లో వెయ్యిమందికి పైగా పర్యాటకులు ఇరుక్కుపోతే నేవీ, కోస్ట్‌గార్డ్ నౌకలు వెళ్ళి తీసుకురావాల్సి వచ్చింది. తుఫాను దాకా అక్కర్లేదు, సముద్రం కాస్త ఆటుగా ఉన్నా పడవలు ఆపేస్తారు. పొద్దున పడవ దిగి మధ్యాహ్నం విమానం ఎక్కేద్దామనుకునేవాళ్ళు, టెస్టింగు లేకుండా శుక్రవారం సాయంత్రం రిలీజు చేసేవాళ్ళతో సమానం. అదృష్టం బాగుంటే ఏమీ కాదు.

"మరీ ముసలివాళ్ళ సలహా చెప్తున్నావ్, మేం సముద్రం కోసమే వెళ్తాం, ఊరి మధ్య హోటలెందుకు?" అంటారా? నిజమే. మీరిద్దరే వెళ్తుంటే, డైవింగ్ చెయ్యాలనుంటే హేవలాక్‌లోనే ఉండండి, నేను కాదనను. అప్పుడు కూడా తూర్పు ఒడ్డా, రాధానగర్ వైపా అన్నది తేల్చుకునే డబ్బు కట్టండి. బాలి వెళ్ళేవాళ్ళకీ ఇదే మాట. ఉబుద్ పేరు విని అక్కడ గది తీసుకుని, తీరా వెళ్ళాక "సముద్రం ఏదీ?" అని అడిగినవాళ్ళు నాకు తెలుసు. ఉబుద్ లోపల కొండల వైపుంటుంది మరి. దాని తప్పేం లేదు, దానికి కావలసిన మనుషులు వేరు.

నేను చెప్పొచ్చేదేంటంటే, పెద్దవాళ్ళని తీసుకెళ్తున్నామని అంటాం గానీ గది మాత్రం మన కళ్ళకి నచ్చింది తీసుకుంటాం. నేను చేసింది అదే. ఆ కాటేజీ మా నాన్న కోసం కాదు, నాన్నని అక్కడ పెట్టానని చెప్పుకోవడం కోసం. ఈసారి బుక్ చేసేముందు ఒక్క పని చెయ్యండి. రాత్రి పదకొండింటికి మీతో వచ్చినవాళ్ళకి ఒంట్లో బాగోకపోతే ఎటు వెళ్ళాలి, సాయంత్రం ఆరింటికి వాళ్ళు ఎవరితో మాట్లాడతారు, ఈ రెండూ కాగితం మీద రాసుకోండి. జవాబు దొరికిన చోట గది తీసుకోండి. సముద్రం ఎక్కడికీ పోదు, పొద్దున్నే వెళ్ళి చూసి రావచ్చు.

మా నాన్న ఇప్పటికీ అండమాన్ అంటే రాధానగర్ గురించి ఒక్క ముక్క చెప్పరు. జంగ్లీఘాట్‌లో సిక్కోలు ఆయన చేప ఎంతకిచ్చాడో చెప్తారు.