హార్మోనియము శ్రుతి పెట్టెలోనే తేలవలెను

హార్మోనియము బాగుచేయించుటయన, రీడ్లను ఊడదీసి దుకాణమునకు పంపుటయు, తిరిగి వచ్చినవానిని బిగించుకొనుటయు మాత్రమే యని మన సంఘములలో ఒక అభిప్రాయము పాతుకొనియున్నది. దుకాణపు బల్లమీద సెల్‌ఫోనులోని శ్రుతిమాపకము ముల్లు నడుమకు వచ్చినచో పని ముగిసినదట! అట్లయిన పందిటిలో గాయకుడు పద్యమెత్తుకొనగానే పంచమము అపశ్రుతి పలుకుటేల?

రీడనగా ఇత్తడి పలకపై ఒక వైపు మాత్రము బిగించిన సన్నని నాలుక. దానిని కొనయొద్ద గీకిన స్వరము హెచ్చును, మొదలునొద్ద గీకిన తగ్గును. ఈ గీకుడు బల్లమీద జరుగవలసినదే, కాదనను. కాని పెట్టెలో ఆ నాలుకకు ఒక గది కలదు, మెట్టు నొక్కినపుడు లేచు మూత కలదు, వెనుక తిత్తి గాలి కలదు. మూత చాలినంత లేవకున్న స్వరము దిగును. గాలి బలముగా త్రోసినను, ముఖ్యముగా మంద్రస్థాయి రీడు, రవంత దిగును. జంటరీడ్ల పెట్టెలో ఒకదానితో నొకటి కలియకున్న నాదము అలలుగా వణకును. ఇవి బల్లకెట్లు తెలియును?

గ్రాండు పియానో బాగుచేయువారిని చూడుడు. మెట్లు, సుత్తులు గల యంత్రాంగమంతయు సొరుగువలె బయటికి వచ్చును. వారును బల్లమీదనే సరిచేయుదురు. అయితే పెట్టెలో తంతులెంత ఎత్తున నున్నవో ముందే కొలిచి, ఆ కొలతను బల్లకడ నిలుపుకొందురు. సుత్తి తంతికి ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరమున విడివడవలసిన పని యది! కనుకనే లోపలికి త్రోసిన పిమ్మట మరల పరీక్షింతురు. ఆ శ్రద్ధ మన పెట్టెకేల కరవైనది?

చంద్రపురము ఎండ సంగతి వేరుగ చెప్పవలెనా? వేసవిలో 45 డిగ్రీలు దాటును. వెంటనే వానకాలపు చెమ్మ. కొయ్య ఎండి బిగువు వీడును, మరల ఉబ్బును. గాలి సందులనుండి జారిపోవును. నాగపురములో సరిపడిన రీడు ఇచ్చటి కొయ్యలో నెట్లు పలుకునో ఇచ్చటనే వినవలెను.

1940 నుండి 1971 వరకు ఆలిండియా రేడియో హార్మోనియమునకు తావీయలేదు. గమకము పలుకదనియు, దాని స్వరములు మన సంగీతమునకు సరిపడవనియు ఆక్షేపణ. ఆ రోజులలోను సురభివారి రంగస్థలముపై అది పద్యమునకు తోడునిల్చినది. అట్టి వాద్యమును నిర్లక్ష్యముచేత మనమే చెడగొట్టి, పిదప ఎలక్ట్రానిక్ కీబోర్డు కొందమని తీర్మానించుట న్యాయమా?

ఖర్చగునందురు. రీడ్లను రెండుమార్లు పంపిన కూలితో మరమ్మతుదారునికి రానుపోను రైలు ఛార్జీ వచ్చును. పద్దులు తీసి చూచుకొనుడు. అతనిని పిలిపింపుడు. పాడువారి యెదుట, తిత్తి ఆడుచుండగా, ప్రతి మెట్టును పలికింపుడు. పిదపనే రసీదు తీసికొని సొమ్ము చెల్లింపుడు.