లెక్క మబ్బులో ఉన్నా రసీదు చేతిలో ఉండాలి



మన ఈ-పంట నమోదు, అడంగల్, ఈకేవైసీ వేలిముద్ర అన్నీ ఇప్పుడు ఇంటర్నెట్ మీదుగా ఎక్కడో దూరాన ఉన్న సర్వర్లలోకి చేరుతున్నాయి. ఇలా దూరాన దాచి, కావలసినప్పుడు తెప్పించుకునే పద్ధతినే ‘క్లౌడ్’ అంటున్నారు. పేరుకు మబ్బు, నిజానికి అవి రేయింబవళ్లు కరెంటుతో నడిచే కంప్యూటర్లు.

మేలు లేదనం. 1996 నవంబరు తుపాను చూసినవాళ్లం. ఇంటికప్పు ఎగిరిపోతే పెట్టెలోని కాగితం గతేమిటో మనకు తెలుసు. మరోచోట నకలు ఉంటే ఆ భయం ఉండదు. ‘మీభూమి’లో అడంగల్ చూసుకోవడానికి ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేదు.

మరి చేటో? 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత మన జిల్లాలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. లెక్కలు భద్రంగానే ఉన్నాయి. వాటిని చేరే దారే మూతపడింది. సిగ్నల్ అందని లంకలో, సర్వర్ మొరాయించిన రోజున జరిగేదీ అదే. గడువు మాత్రం మనకోసం ఆగదు. నమోదు లేకపోతే ధాన్యం అమ్మకానికీ, నష్టపరిహారానికీ చిక్కే. పైగా తప్పు ఎక్కిస్తే సర్వర్ ఆ తప్పునే భద్రంగా దాస్తుంది. చేను చేసిన కౌలు రైతు పేరు ఎక్కకపోతే అతని కష్టం లెక్కలోకే రాదు.

అందుకే అడుగుతున్నాం: ప్రతి నమోదుకూ తేదీ, సంతకంతో కాగితం రసీదు ఇవ్వాలి. సర్వర్ పనిచేయని రోజుల మేరకు గడువు పెంచాలి. ఆ రోజుల్లో కాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కించాలి.

ఈ సార్వా నమోదుకు వెళ్లినప్పుడు రసీదు చేతికందేదాకా అక్కడి నుంచి కదలకండి.